నడి ఆకాశంలో కుట్టుపని

నిజం చెప్పుకోవాలంటే, దేవేందర్ ఆ పొద్దున చాలా వినయంగానే మొదలుపెట్టాడు.

"నాదర్‌గుల్ విమానాల మైదానంల ఒక్కపారే దుంకిన అక్కా. గంతే. దుంకిన, దిగిన, ఇంటికొచ్చిన," అన్నాడు చాయ్‌లో బిస్కెట్ ముంచుతూ.

అక్కడితో ఆగి ఉంటే సింధూర అతని పేరు చెప్పుకుని రోజూ దీపం పెట్టేది. తల్లి తాయారుని ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా ఉన్న రేణుకమ్మ చాయ్ దుకాణానికి లాక్కొచ్చిందే ఆ ఒక్క ముక్క వినిపించడానికి. పారాచూట్‌తో దూకే శిక్షణ సోమవారం మొదలు. ఫారం మీద ఇంట్లోవాళ్ళ సంతకం ఉండాలి. ఇవాళ సాయంత్రంలోగా ఇవ్వకపోతే చోటు ఇంకొకరికి పోతుంది. తాయారు వారం రోజులుగా ఆ కాగితాన్ని ముట్టుకోలేదు.

జాకెట్లు కుట్టి కూతుర్ని డిగ్రీ చదివించిన మనిషి ఆమె. భీమవరం నుంచి వచ్చిన కొత్తలో వాళ్ళకి ప్లాట్ల బ్రోకరు దేవేందరే ఇంటిస్థలం ఇప్పించాడు. చుట్టూ ఊరూరా ప్లాట్లు పుట్టుకొచ్చి జనం మోసపోతున్న రోజుల్లో కాగితాలు వంక లేకుండా చేయించాడు. ప్లాట్ల దగ్గర అతను అబద్ధమాడడు. ఆ లోటంతా తక్కిన విషయాల్లో తీర్చుకుంటాడని ఇబ్రహీంపట్నంలో తెలియనిది తాయారు ఒక్కదానికే. అందుకే సింధూర నిన్ననే అతన్ని పట్టుకుని, 'అన్నా, దూకాను, ఏమీ కాలేదు అను చాలు' అని బతిమాలింది.

అతను అన్నాడు. తాయారు పెన్ను మూత తీసింది.

"ఆ పారాచూట్ సంచి ఎంచుకోవడం కూడా కష్టమేనటగా తమ్ముడూ?" అని ఊరికే అడిగింది.

అడగకుండా ఉండాల్సింది. దేవేందర్ బిస్కెట్ పక్కన పెట్టి కాలు మీద కాలేసుకున్నాడు.

"ఏం కష్టం అక్కా? మనం ప్లాట్ ఎట్ల చూస్తం, గట్లనే. వాళ్ళు పది సంచులు ముందట పెట్టిన్రు. నేను రెండొందల గజాలది, తూర్పు మొఖం, కార్నర్ బిట్ తీసుకున్న."

మంచాల ఊరికి వెళ్ళే బస్సు కోసం బెంచీ చివర కూర్చున్న సిద్దయ్య తల తిప్పాడు. "పారాచూట్‌కు కార్నరేందిరా?"

"రెండు దిక్కులకెల్లి గాలి రావద్దా బాపూ?"

"అన్నా, దాన్ని కొలిచేది చదరపు అడుగుల్లో," అని సింధూర గొణిగింది. వినిపించుకునే దశ దాటిపోయాడు దేవేందర్.

"విమానం పదివేల అడుగులు ఎక్కింది. తలుపు తెరిచిన్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అంది తాయారు.

"పైలట్ భయపడ్డడు. 'అన్నా, కిందికి చూస్తే కండ్లు తిరుగుతున్నయ్' అన్నడు. ఫికర్ చెయ్యకని వీపు మీద తట్టి, చేతుల చాయ్ గ్లాసుతోనే దుంకిన. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు!"

"ఆ గ్లాసు నాదేనేమో, ఒకటి తక్కువుంది," అంది రేణుకమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

"ఇగ అందరు కిందికి పోతరు గదా, నేను మీదికి పోయిన. రెండొందల గజాలాయె! గాలి మంచాల మీదికెల్లి మహేశ్వరం దిక్కు కొట్టింది. అక్కడ పెద్ద ఎయిర్‌పోర్టు. ఎదురుంగ దుబాయ్ విమానం! హారన్ కొట్టిండు. ఎడమకు పొమ్మని చెయ్యి ఊపిన, పోయిండు పాపం. కిటికీ కాడ కూసున్నాయన నన్ను జూసి, మహేశ్వరంల గజం ఎంతుందని అడిగిండు. కార్డిచ్చిన."

"కిటికీ తెరిచిండా?" అన్నాడు సిద్దయ్య.

"సందులకెల్లి ఇచ్చిన బాపూ! జర చెప్పనియ్యి."

సింధూరకి నవ్వు ఆగడం లేదు, ఏడుపూ ఆగేలా లేదు. తాయారు చేతిలో పెన్ను కాగితానికి జానెడు దూరంలో నిలబడిపోయింది.

"గప్పుడొచ్చింది గద్ద! మస్తు పెద్దది, నడుమెత్తుంటది. గొడుగు మీద వాలి గోర్లతోని చీరింది. బారెడు చినిగింది అక్కా! గిర్రున తిరుగుకుంట, తలకాయ కిందికి, కాళ్ళు మీదికి..."

"అమ్మో!" తాయారు పెన్నుకి మూత పెట్టేసింది. కాగితం రెండు మడతలు పెట్టి సంచిలో పడేసింది.

సింధూర బెంచీ కింద అతని కాలి మీద గట్టిగా తొక్కింది. పాపం, అతనికీ అప్పుడే తెలిసొచ్చింది. కంగారుపడి, ఆ అక్కకి ధైర్యం వచ్చే మాట ఒకటి చెప్పాలని వెతికాడు. వెతికి వెతికి సరిగ్గా చెప్పకూడనిదే పట్టుకొచ్చాడు.

"అయ్యో, భయమేంది అక్కా! జేబుల సూది, దారం ఎప్పటికీ ఉంటయ్ నాకు. గాలిల తిరుగుకుంటనే బారెడు చినుగు కుట్టిన. నేలకు పది అడుగులుందనంగ ముడేసిన. నీ కుట్టు కన్న సాఫ్!"

తాయారు గ్లాసు కింద పెట్టింది. ఇరవై రెండేళ్ళుగా కుట్టుమిషను మీద వంగిన మనిషి, నెమ్మదిగా నిటారుగా కూర్చుంది.

"ఏ కుట్టు వేశావు తమ్ముడూ?"

"కుట్టే... మామూలు కుట్టు."

"హెమ్మింగా, కాజా కుట్టా?"

"రెండూ."

రేణుకమ్మ చాయ్ వడకట్టడం ఆపేసింది. తాయారు జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి, సంచిలోంచి దారపు ఉండ తీసి అతని చేతిలో పెట్టింది. "ఇక్కడ గద్ద లేదు, గాలీ లేదు. బెంచీ కూడా కదలట్లేదు. ఎక్కించు."

దేవేందర్ దారం కొస నోట్లో తడిపాడు. ఒక కన్ను మూశాడు. దారం సూదికి ఎడమగా పోయింది. రెండో కన్ను మూశాడు, కుడిగా పోయింది. నాలుక బయటపెట్టి మూడోసారి గుచ్చితే వేలికి గుచ్చుకుంది.

"ఇప్పుడు ఎన్ని అడుగుల మీదున్నవ్ బిడ్డా?" అన్నాడు సిద్దయ్య.

దుకాణమంతా భళ్ళున నవ్వింది. దేవేందర్ కూడా నవ్వేశాడు. "గీడ ఉక్కపోతకు చెయ్యి జారుతుంది బాపూ. పైన సల్లగుండె."

"అసలు విమానం ఎక్కావా?" అంది తాయారు.

"గేటు దాకా పోయిన అక్కా. ఒకాయనకు ప్లాట్ చూపియ్యనీకి."

తాయారు కూతురి వైపు తిరిగింది. ఇంక దాచి లాభం లేదు.

"నేనే చెప్పమన్నానమ్మా. గద్దని మాత్రం నేను చెప్పమనలేదు."

"గద్ద సంగతి సరే. నిజమేంటో నువ్వు చెప్పు."

సింధూర గొంతు సవరించుకుంది. "భయంగానే ఉంది. నీకున్నంత కాకపోయినా, ఉంది. ముందు నేల మీదే నేర్పుతారు, ఎలా దూకాలో, ఎలా పడాలో. సంచిలో రెండు గొడుగులుంటాయి, మొదటిది తెరుచుకోకపోతే రెండోది. అయినా దెబ్బలు తగిలినవాళ్ళున్నారమ్మా." ఫోన్‌లో రెండు ఫోటోలు తీసి చూపించింది. ఒకటి ముచ్చటైన గులాబీరంగు సంచి, రెండోది బురదరంగు, గోనెసంచిలా. "నాకు ఈ గులాబీది కావాలని దూకడం నేర్పే సార్‌తో పోట్లాడాను. దీని గొడుగు చిన్నది, జోరుగా దిగుతుందట. కొత్తవాళ్ళకి పెద్దదే ఇస్తానన్నారు. ఆయనతో పోట్లాడిన సంగతి నీకు చెప్పలేదు."

తాయారు రెండు ఫోటోలూ పెద్దవి చేసి, పట్టీల దగ్గర కుట్లు వరస వరసా చూసింది. చాలాసేపు చూసింది. సిద్దయ్య బస్సు వచ్చి వెళ్ళిపోయింది, ఆయన ఎక్కలేదు.

తర్వాత సంచిలోంచి కాగితం తీసి మడతలు విప్పి, బెంచీ మీద పరిచి సంతకం పెట్టింది. పెన్ను ఎత్తలేదు. కింద ఖాళీలో ఇంకా ఏదో రాస్తోంది. కాగితం చేతికి రాగానే సింధూర ఆత్రంగా చదివింది.

"మా అమ్మాయి గులాబీది అడుగుతుంది. ఏడ్చినా ఇవ్వకండి."