మెట్లెక్కని జనగణన

రిటైరైన గుమాస్తా లెక్కలాయనకి టీ కొట్టు బెంచీ ఎక్కితే నోరు ఊరుకోదు. అందులోనూ ఆ పొద్దున జనగణనకి వచ్చిన టీచరమ్మ ఎదురుగా కూర్చుంది. రేపట్నుంచి ఇళ్లు చూపించడానికి వీధి బాగా తెలిసిన మనిషి కావాలట. రిటైరైన నాలుగేళ్లలో ఫలానా పనికి రండి అని ఆయన్ని పిలిచినవాళ్లు లేరు. ఈ పిలుపన్నా తనకి రావాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

"జనాభా, జనగణన ఒకటేనా బాబాయ్?" టీ వడపోస్తూ అడిగింది కొట్టు అక్క.

"ఒకటెలా అవుతాయే? జనాభా అంటే మనుషులు ఎంతమందో ఆ సంఖ్య. జనగణన అంటే ఆ సంఖ్య కోసం గుమ్మం గుమ్మానికీ తిరిగి అడగడం. జనాభా పెరిగిందంటాం, జనగణన జరిగిందంటాం. పోయినసారి ఈ వీధిలో చేసింది నేనేగా. ఒక్క పూటలో ముగించా."

"పూటలోనా? మాకు వారం ఇచ్చారండీ," అంది టీచరమ్మ.

"వీధితో ఆగితే చెప్పుకోవడం దేనికమ్మా? పక్క వీధి గుమాస్తాకి జ్వరం, అదీ నా నెత్తినే పడింది. అన్నీ మూడంతస్తుల మేడలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెట్ల కింద చెప్పులు కనబడ్డాయి. జోడుకి ఒక మనిషి. మడమ అరిగితే ఇంటి పెద్ద, కొత్తగా మెరిస్తే కొత్తల్లుడు. చెప్పు పట్టీ మీద చెయ్యేస్తే చాలు, పేరు నా నాలిక మీదకొచ్చేది."

"వయసో?" అంది అక్క నవ్వాపుకుంటూ.

"అదీ వచ్చేది. మధ్యాహ్నానికి ఊరైపోయింది. సాయంత్రం పై ఆఫీసు నుంచి ఫోను, మీ లెక్కలో ఒకరు ఎక్కువున్నారని. కంగారుపడకండి, ఆసుపత్రిలో ఇప్పుడే పుడతాడన్నా. ఫోను పెట్టేలోపు ఏడుపు వినబడింది."

బెంచీ చివర దారానికి మైనం రాస్తున్న చెప్పులు కుట్టే ఆయన నెమ్మదిగా అడిగాడు. "ఆ మేడల్లో ఒకదాని మెట్ల పక్క గది నాదే సార్. అదీ రాశారా?"

"రాయకుండానా? పెద్ద కుటుంబం. ఇరవై ముగ్గురు."

"నాకు పెళ్లే కాలేదు సార్. ఉండేది నేనొక్కణ్ణే. బయట ఉన్నవి బాగుచెయ్యడానికి ఇచ్చిన చెప్పులు." అందరూ ఘొల్లున నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "ఆ రోజు పని మానుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని కూర్చున్నా, నా పేరు అడుగుతారని."

లెక్కలాయనకి తల కొట్టేసినట్టయింది. అయినా నోరు ఊరుకోలేదు. "ఒక్క గది తప్పితే తప్పింది. ఊరంతా తిరిగానా లేదా?"

చెప్పులు కుట్టే ఆయన బెంచీ కిందకి చూశాడు. "తిరిగితే ఈ జోడు నా దగ్గరికి రావాలి కదా సార్. అప్పట్నుంచీ ఇవే వేసుకుంటున్నారు, మడమ అరగనేలేదు."

లెక్కలాయన పాదాలు వెనక్కి లాక్కున్నాడు.

"రేపు ఎనిమిదింటికల్లా రాగలరా?" అంది టీచరమ్మ.

ఆయన ఆశగా తలెత్తాడు. ఆవిడ చూస్తున్నది బెంచీ చివరికి.