సముద్రం ఊళ్లోకొచ్చిన రోజు

గురజాల దగ్గర ఒక రైతు ఇంటి వరండా. పత్తి తీతకు సముద్రపు ఒడ్డు ఊరి నుంచి వచ్చిన కూలామె ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. రైతు భార్య ఆమెను కూర్చోబెట్టాలని చూస్తోంది.

"కాసేపు కూర్చోవే. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగలా."

"ఎట్టా కూర్చునేదక్కా? ఉప్పెన మా ఊరిని ముంచేసిందని టీవీలో చెప్తన్నారు. అమ్మ, అన్నయ్య, వదిన ఏమయ్యారో! నేను బయల్దేరతా."

"బస్సులు గుంటూరు దాటి పోవడం లేదంటగా?"

"అక్కణ్ణుంచి నడిచిపోతా."

"ఏంది ఆ మాటలు? అదిగో, ఫోన్ మోగుతోంది. ఎత్తు!"

"అన్నయ్యా! అమ్మ ఏదీ? బడి మేడ మీద ఉందా? బాగానే ఉందా?"

"హమ్మయ్య! ఇంక ఏడవమాకే."

"వదినకి ఫోనియ్యి అన్నయ్యా... ఏందీ?"

"ఏమైందే? ఏమన్నాడు?"

"వదిన నీళ్లల్లో కొట్టుకుపోయిందంటక్కా. శవం ఇప్పుడే దొరికిందంట."

"అయ్యో తల్లీ! ఆమె బడికి పోలేదా?"

"అందరికంటే ముందే పోయింది. అమ్మని పక్కింటోళ్లు పడవలో తెస్తన్నారని తనకి తెలీదు. అమ్మ కోసం మళ్లీ ఇంటికి పరిగెత్తిందంట."

"ఎంత మంచి మనిషే!"

"నిన్న ఫోన్ చేసి, మా అమ్మని ఇంట్లో వదిలేసి బడికి ఎట్టా పోయావని వదినని కసిరింది నేనే. ఆ సంగతి అన్నయ్యకి తెలీదక్కా."