వహీబా పక్కటెముక

స్ఫాక్స్ నగరంలో, నాలుగో అంతస్తులో ఒక వంటిల్లు. కెర్కెన్నా దీవి నుంచి పొద్దుటి పడవలో వచ్చిన ఖమైస్, చెల్లెలి భర్త మోంజీకి ఎదురుగా కూర్చున్నాడు. చెల్లెలు వహీబా పక్క గదిలో పడుకుని ఉంది.

"టీ వద్దన్నాను కదా."

"చల్లారిపోతోంది, బావగారూ."

"చల్లారనీ. ఆ సంచిలో ఎండబెట్టిన ఆక్టోపస్ ఉంది. అమ్మ కూతురికి పంపింది, నీకు కాదు. ఇప్పుడు చెప్పు మోంజీ. పక్కటెముక ఎలా విరిగింది?"

"తన ఎముకలు మెత్తబడిపోయాయి కదండీ. గట్టిగా దగ్గినా విరుగుతున్నాయి."

"అయితే దగ్గితే విరిగిందా?"

"దగ్గితే విరుగుతాయి అంటున్నాను."

"విరుగుతాయా అని కాదు నేనడిగింది. గురువారం విరిగిన ఎముక, అది దగ్గితేనే విరిగిందా?"

"పంచదార ఇంకొంచెం వెయ్యమంటారా?"

"మోంజీ."

"గురువారం సంగతి వదిలెయ్యండి."

"ఎలా వదిలేస్తాను? కింద వాటాలో మబ్రూకా మా ఆవిడకి ఫోన్ చేసింది. గురువారం సాయంత్రం వహీబా కేక విందట. ఆ తర్వాత నీ ఏడుపు కూడా విందట. కొట్టి ఏడ్చే మగాళ్ళని నేనూ చూశాను. మా రేవులో ఉన్నారు అలాంటివాళ్ళు."

"మబ్రూకా మంచి మనిషి. విన్నదే చెప్పింది."

"అంటే నిజమేనన్నమాట."

"కేక నిజమే."

"పనికి పోతూ బయట తాళం వేసుకుపోతావట. అదీ నిజమేనా?"

"ఇంకో తాళంచెవి మబ్రూకా దగ్గరే ఉంది. ఆ ముక్క చెప్పలేదా ఆవిడ? నేను లేనప్పుడు వహీబా రొట్టె తెస్తానని మెట్లు దిగబోయింది. పాదం ఎముక విరిగింది. తాళం వేసుకెళ్ళమని తనే అంది. తాళం లేకపోతే మళ్ళీ దిగుతానట."

"స్నానాల గదికి తలుపెందుకు లేదు? ఊళ్ళోవాళ్ళందరికీ ఇనుప తలుపులు చేసిచ్చేవాడివి, ఆడమనిషి స్నానం చేసే గదికి ఉన్న తలుపు పీకేస్తావా?"

"లోపల గడియ వేసుకుని పడిపోయింది. బయట నేను, లోపల తను. తలుపు విరగ్గొట్టి వెళ్ళేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. తెర కట్టాను చూడండి, రంగు తనే ఎంచుకుంది."

"అన్నిటికీ జవాబుంది నీ దగ్గర. గురువారానికి తప్ప."

"తాగండి, బావగారూ. టీ."

"నా చెల్లెలి తల నా భుజాన్ని తాకేది. ఇందాక అది వచ్చి తలుపు తీస్తే నా గుండెల దాకా కూడా రాలేదు. ఏం చేస్తే ఒక మనిషి పొట్టిదవుతుంది?"

"వెన్నుపూసలు కుంగిపోతున్నాయి. తన బట్టల అంచులన్నీ నేనే మడిచి కుడుతున్నాను, కాలికి అడ్డం పడకుండా. అంతా ఆ కంతి వల్లే. ఎముకలకి కావలసిన ఏదో లవణాన్నంతా ఒంట్లోంచి బయటికి పంపేస్తోందట. దాన్ని తీసేస్తే ఎముకలు మళ్ళీ గట్టిపడతాయట."

"మళ్ళీ కంతి కథ. మోకాల్లో ఉందన్నావు. అమ్మ సంతోషం పట్టలేక గొర్రెని కోయించి ఊరంతా పంచింది. తీరా మోకాలు కోసి చూస్తే ఏముంది? ఏమీ లేదు. అమ్మ ఆ దెబ్బకి మంచం పట్టింది."

"శనగగింజంత ఉంటుందట. తల నుంచి కాలి దాకా ఎక్కడైనా ఉండొచ్చట."

"ఉంది, కానీ ఎక్కడుందో డాక్టర్లకే తెలీదు. కనపడేదల్లా విరిగిన ఎముకలు. ఇది నేను నమ్మాలి."

"నమ్మకపోతే మీ తప్పు లేదు. మొదటి డాక్టరు వాతం అన్నాడు. ఇంకో ఆయన పిల్లల్లేని బెంగ అన్నాడు. ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ నన్ను బయటికి పంపేసి తనని అడిగింది, మీ ఆయన కొడతాడా అని."

"ఏం చెప్పింది?"

"నవ్విందట."

"నవ్వితే ఊరుకుందా ఆవిడ?"

"నవ్వేసరికి ఇంకా అనుమానపడింది. ఆ పూటంతా నన్ను మంచం దగ్గరికి రానివ్వలేదు. నాకు కోపం రాలేదు, బావగారూ. నా చేతులు చూడండి, రోజంతా ఇనుము వంచే చేతులు. ఆవిడ స్థానంలో నేనున్నా అడుగుతాను."

"నేనూ అదే అడుగుతున్నాను. సరే, చెప్పకు. సాయంత్రం పడవకి దాన్ని తీసుకుపోతున్నాను."

"వద్దండీ. పడవ ఊపుకి తట్టుకోలేదు."

"పడవల్లో పెరిగిన పిల్ల అది."

"ఇవాళ మాత్రం వద్దు. రేపు మేం ట్యూనిస్ వెళ్ళాలి."

"ట్యూనిస్‌లో ఏముంది?"

"పనుంది."

"ఏం పని?"

"చిన్న పనే."

"దగ్గితే ఎముక విరిగే మనిషిని అంత దూరం తీసుకుపోయే చిన్న పని. నాకు చెప్పవు. అమ్మ ఫోన్ చేస్తే నిద్రపోతోందంటావు. మా వాళ్ళెవరికీ అందకుండా ఎక్కడికి తీసుకుపోతున్నావు దాన్ని?"

"చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి?"

"అది కూడా చెప్పను."

"అడ్డు లే. వహీబా. వహీబా, బట్టలు సర్దుకో."

"అరవకండి, కంగారుపడి లేస్తుంది. లేస్తే ఎక్కడైనా—"

"లేచాను. ఇద్దరూ కూర్చోండి."

"వహీబా, నీ చేతికర్ర ఏది?"

"గోడ పట్టుకున్నాను. నువ్వు రాకు మోంజీ, అన్నయ్య కుర్చీ లాగుతాడు."

"కూర్చో తల్లీ, మెల్లిగా. చూశావా వీణ్ణి? నువ్వు తూలుతుంటే కూడా చెయ్యి అందివ్వడు. గోడకి అతుక్కుపోయాడు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకలా నిలబడతాడు?"

"చెయ్యి వెయ్యడానికి భయం, బావగారూ."

"భయపడాల్సిందే. వహీబా, నా కళ్ళలోకి చూసి చెప్పు. నీ పక్కటెముక ఎవరు విరిచారు?"

"మోంజీయే."

"చాలు. నీ సంచెక్కడుంది?"

"నేను పూర్తిగా చెప్పనీ అన్నయ్యా. గురువారం ట్యూనిస్ ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. దొరికిందట."

"ఏం దొరికింది?"

"కంతి. ఏదో సూది వేసి, ఒళ్ళంతా ఫొటోలు తీశారు. ఎడమ అరికాల్లో, మడమ పక్కన కనపడిందట. రేపు ఆస్పత్రిలో చేరితే ఎల్లుండి తీసేస్తారు."

"ఇంత మంచి కబురు దాచుకుంటారా ఎవరైనా?"

"అమ్మ మళ్ళీ గొర్రెని కోయిస్తుంది. మళ్ళీ ఏమీ లేకపోతే ఈసారి ఆవిడ లేవదు. అందుకే నేనే ఒట్టు వేయించుకున్నాను, తీసి చూపించేదాకా ఎవరికీ చెప్పొద్దని."

"సరే. మరి ఎముక సంగతేమిటి?"

"నేను చెప్తాను, బావగారూ. తప్పు నాదే. సంతోషంలో ఒళ్ళు మరిచిపోయి—"

"అబద్ధం చెప్పకు మోంజీ, నువ్వేం మరిచిపోలేదు. అన్నయ్యా, మొదటి ఎముక విరిగినప్పటి నుంచీ ఈయన నన్ను గుడ్డుని పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. పక్కన కూడా పడుకోడు, కింద చాప మీద పడుకుంటాడు. గురువారం ఆ ఫోన్ పెట్టేశాక వాటేసుకోమన్నాను. వద్దన్నాడు. మళ్ళీ అడిగాను. వేళ్ళతో ముట్టీ ముట్టనట్టు పట్టుకున్నాడు. ఇలా కాదు, గట్టిగా, పెళ్ళైన కొత్తలో పట్టుకున్నట్టు పట్టుకోమన్నాను."

"విరుగుతుందని నీకు తెలీదా?"

"తెలుసు, అన్నయ్యా. తెలిసే అడిగాను."