చివరి మెట్టు మీద ప్లాస్టర్

ఒరేయ్ ఒరేయ్, ఆ చివరి మెట్టు మీది ప్లాస్టర్ పీకకు! మిగతావన్నీ నొక్కుకో, నీ ఇష్టం. మీ తాత దహ్హామ్ పోతూ పోతూ నాకు అప్పగించిన కీబోర్డు అది. వాడి మీద నాకు ప్రేమేం కారిపోలేదులే. హసకా చుట్టుపక్కల నా రెల్లుబూర లేనిదే పెళ్ళయ్యేది కాదు, తెలుసా? మీ తాతేమో ఈ జపాను పెట్టె పట్టుకొచ్చాడు. మన పాటకి కావలసిన, మెట్టుకీ మెట్టుకీ మధ్య పలికే పావు స్వరాలు అందులో లేవు. మూత విప్పి, తీగలు కాల్చి అతికించి, వాటినీ పలికించాడు. చివరికి నా బూర గొంతునే అందులోకి ఎక్కించి, "మామా, ఇక నువ్వు ఊదక్కర్లేదు, కూర్చుని టీ తాగు" అన్నాడు. నవ్వకు, కడుపు మండిపోయింది నాకు! అయినా వాడి వెంటే తిరిగాననుకో, స్పీకర్లు మోసుకుంటూ. పెళ్ళిలో వాయించింది వారం తిరక్కుండా క్యాసెట్టయి టాక్సీల్లో మోగేది. అలెప్పో నుంచి గాయకులొచ్చి, దాణా కొట్టు మీది గదిలో వాడి చేత బాణీలు కట్టించుకునేవాళ్ళు.

ఏం చెబుతున్నాను... ఆ, మెట్టు. పెళ్ళిళ్ళలో అందరూ చేతులు పట్టుకుని దబ్కే ఆడేటప్పుడు వరస ముందు నిలబడి రుమాలు తిప్పే ఖలఫ్ అని ఒకడుండేవాడు. "దుమ్ము లేవాలిరా!" అని అరిచేవాడు. మీ తాత ఆ అరుపు పట్టి ఈ చివరి మెట్టులో పెట్టుకున్నాడు. పాట ఊపందుకుందా, వేలు అక్కడికి పోవలసిందే. తరవాత కాలవ నీళ్ళ గొడవలో ఖలఫ్‌ని కాల్చి చంపారు. రెండు తెగలూ కత్తులు నూరుకుంటుంటే పెద్దలు నానా తంటాలూ పడి రాజీ చేశారు. చంపినవాళ్ళ పిల్లకీ ఖలఫ్ తమ్ముడికీ పెళ్ళి. వాయించేది మనవాడే. తుపాకులన్నీ ఓ గుడారంలో పెట్టించారు. గట్టిగా దగ్గడానిక్కూడా భయపడ్డారు జనం. "చివరి మెట్టు జాగ్రత్తరా" అన్నాను. "నాకు తెలీదా మామా?" అన్నాడు. వాడికి తెలుసు. వేలికి తెలియొద్దూ?

మిట్టమధ్యాహ్నం ఆట ఊపందుకుంది. నాలుగు స్పీకర్లలోంచీ ఖలఫ్! "దుమ్ము లేవాలిరా!" వరస తెగిపోయింది. మీ తాత భయంతో బిగుసుకుపోయాడు, వేలు తియ్యడే! అదే అరుపు, మళ్ళీ మళ్ళీ. "చచ్చినవాణ్ణి లేపి మా మీదికి తోలతారా?" అని పిల్ల తండ్రి కేకలు. ఇరువైపుల కుర్రాళ్ళూ గుడారం వైపు పరుగు. ఇంతలో ఖలఫ్ తల్లి లేచింది. తిన్నగా మా దగ్గరికే వస్తోంది. అయిపోయాంరా దేవుడా అనుకున్నా. వాడప్పుడు వేలు తియ్యబోయాడు. ఆమె వాడి చేతి మీద చెయ్యేసి నొక్కిపట్టింది. "ఉండనీ" అంది. విందిరా. కొడుకు గొంతు అలా వింటూ నిలబడింది. అప్పుడు గుడారం వైపు తిరిగి, "ఎక్కడికిరా ఆ పరుగు? పెద్దాడు తమ్ముడి పెళ్ళికొచ్చాడు. ఆడమంటున్నాడు, వినబడట్లేదూ?" అని, కోడలి చెయ్యి పట్టుకుని తనే పోయి వరస ముందు నిలబడింది. ఆడారు. ఏడుస్తూ ఆడారు, రెండు తెగలవాళ్ళూ.

తిరిగొస్తూ దార్లోనే ప్లాస్టర్ అంటించాడు మీ తాత. ఆ తరవాత ఎంత పెద్ద గాయకుడొచ్చి బతిమాలినా పీకలేదు. ఇప్పుడు నొక్కితే ఏమవుతుందంటావా? ఖలఫ్ తల్లి, ఆ ముసలమ్మ ఇంకా ఉందిరా, ఇదిగో ఈ గోడ అవతలే. కళ్ళు పోయాయి గానీ చెవులు... ఏయ్, చెయ్యి తియ్! టీ తాగు, చల్లారిపోతోంది.