కత్తి వెన్ను మీద మచ్చ

ఆ మడత కత్తి వద్దండీ. బాగోలేక కాదు, బంగారంలా ఉంది. కానీ వేలు ఆనిస్తే చాలు, టక్కున తెరుచుకుంటోంది. అంత తేలిగ్గా తెరుచుకునేది అంత తేలిగ్గానూ మూసుకుంటుందేమోనని నా భయం. ఏంటీ, లాక్ ఉందా? లాక్ దేనికి లేదండీ! ఉన్న లాక్ పట్టకపోబట్టే కదా నేనిలా వచ్చి మీ ప్రాణం తీస్తున్నది.

ఇంకోటి చూపించండి. అదిగో, ఆ నల్ల పిడిది. ఊహూఁ, ఇదీ కాదు. మరీ బరువు. రోజంతా జేబులో ఉండాలి కదా, ఇది పెట్టుకుంటే ప్యాంటు ఓ పక్కకి జారిపోతుంది. టైటానియందా? అదేమో మరీ తేలిక, చేతిలో ఏదో ఉందన్న ధ్యాసే ఉండదు. నవ్వకండీ. ఎనిమిది కత్తులు తీయించాను, ఎనిమిదింటికీ వంక పెట్టాను, నాకు తెలుసు. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని వంకలు పెట్టలేదు నేను.

అసలు విషయం చెప్తాను వినండి. ఈ కత్తి కొనుక్కోమని నన్ను పంపింది మా బావ. మా అక్క మొగుడు. సోఫాలు, కుర్చీలు బాగుచేసే షాపు మాది. మాది అంటే ఆయనదే. పదహారేళ్ల నుంచీ నేను ఆయన కింద పని చేస్తున్నాను. మేకు పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ ఆయనే నేర్పాడు. "మంచిది తీసుకో, కత్తుల షాపు పెద్దాయన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచిది తీసుకో, ధర అడక్కు" అన్నాడు. "ఇక షాపులో కత్తి పట్టేది నువ్వేగా" అన్నాడు.

ఆ ఆఖరి మాట వినగానే చెప్పులేసుకుని ఇటు వచ్చేశానండీ.

మూడు వారాలైంది. మీకు తెలిసే ఉంటుంది, ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. తోలు కోస్తుంటే ఆయన చేతిలో కత్తి మడతపడిపోయింది. ఆ, ఇదే, ఈ కత్తే, మీ దగ్గర కొన్నదే. కుడిచేతి వేళ్లు మూడు తెగాయి. చూపుడువేలు మరీ లోపలికి, నరం దాకా. ఎదురుగా ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడిప్పుడు, కుట్లు విప్పించుకుంటున్నాడు. అవగానే ఇటే వస్తానన్నాడు. నేనేం ఎంచుకున్నానో చూస్తాడట.

దాన్ని కాసేపు అలా పక్కన పెట్టండి. తర్వాత చూద్దురుగాని. ముందు కొత్తవి చూపించండి నాకు.

ఇది... ఆ, ఇది కాస్త నయం. చెక్క పిడి. అరచేతిలో బాగానే కూర్చుంది. స్టీలు ఏంటన్నారు? పదును ఎన్నాళ్లుంటుంది? నెలల తరబడా? మా బావ వింటే నవ్వుతాడు. ఆయన రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తగానే ముందు కత్తి నూరుకునేవాడు, తర్వాతే టీ. పద్నాలుగేళ్లు ఆ ఒక్క కత్తే. పార్సిళ్లు కోసేదీ అదే, కుట్లు విప్పేదీ అదే, పిల్లలకి ఆపిల్ ముక్కలు కోసిపెట్టేదీ అదే. కడిగాకేలెండి. మా అక్క దానికి పెట్టిన పేరేంటో తెలుసా? సవతి! "మీ బావ రాత్రి పడుకునేటప్పుడు కూడా ముందు దాన్ని చూసుకుని, తర్వాత నన్ను చూస్తాడురా" అని ఒకటే నవ్వు.

ఆయన ఆ కత్తి ఎవరికీ ఇవ్వడండీ. అదొక్కటే ఆయన పట్టుదల. అన్నం పెడతాడు, బండి ఇస్తాడు, చొక్కా విప్పి ఇమ్మన్నా ఇస్తాడు. కత్తి మాత్రం అడక్కూడదు. కత్తి ఒక్క చేతికే అలవాటు పడాలంటాడు. ఇంకొకడు పట్టుకుంటే దాని తీరు మారుతుందట, మారిన సంగతి మన చేతికి తెలియదట. నేను లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి. ఇనుముకి తీరేంటి, ఈయన చాదస్తం కాకపోతే, అనుకునేవాణ్ణి.

అదేంటండీ, మళ్లీ దాన్నే తీశారు? పక్కన పెట్టమన్నాను కదా.

సరేలెండి. చూడండి. చూడమనే ఇచ్చాడు ఆయన కూడా. "పెద్దాయనకి చూపించు, తప్పు కత్తిదో నాదో ఆయన చెప్పేస్తారు" అన్నాడు. రోజూ అదే గోలండీ. అన్నం తింటూ అదే మాట, చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుని అదే మాట. "లాక్ నేనే సరిగ్గా పడనివ్వలేదేమోరా. పట్టు జారిందేమోరా. వయసు అయిపోయింది నాకు." వయసెంత? యాభై ఒకటి! మీకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు.

డాక్టరేమో వేళ్లు మళ్లీ పనికొస్తాయంటున్నాడు. స్పంజి బంతి ఒకటిచ్చి రోజూ వందసార్లు నొక్కమన్నాడు. ఈయన నొక్కడు. మా అక్క బతిమాలినా నొక్కడు. కిటికీలో పెట్టాడు ఆ బంతిని, పిల్లలు ఆడుకుంటున్నారు దాంతో. "చెయ్యి వచ్చినా నమ్మకం రాదే" అంటాడు. "ఇవాళ నా వేళ్లు తెగాయి, రేపు పక్కవాడివి తెగితే?" అంటాడు. అందుకని షాపు నా చేతిలో పెట్టేస్తున్నాడు. ఆయన ఇక కొలతలు తీసుకుంటూ, గుడ్డలు చూపిస్తూ కౌంటరు దగ్గర కూర్చుంటాడట. అంత పనివాడు!

మీకు ఒక్క మాట చెప్పనా? ఆయన రాగానే మీరు ఇలా అనండి. కత్తి పాతబడిపోయింది, లాక్ అరిగిపోయింది, ఎవరి తప్పూ లేదు. అంతే. అంతకన్నా ఏం వద్దు. ఆయన మనసు కుదుటపడుతుంది. మీ నోటి మాటంటే ఆయనకి అంత గురి. పెద్దవారు, మీకిది ఎంతలో పని?

ఏంటలా చూస్తారు? అబద్ధం అంటారా? అరిగే ఉంటుంది కదండీ, పద్నాలుగేళ్లు మరి!

అరగలేదా.

ఆ భూతద్దం ఎందుకండీ ఇప్పుడు... అక్కడ ఏముందని అలా వేలు పెట్టి రుద్దుతున్నారు? వెన్ను మీద కాస్త మెరుపు ఉంది, అంతేగా. జేబులో రాసుకుని ఉంటుంది. కాదా? ఒక్క చోటే రాసుకుంటుందా అంటారా?

కాసిని మంచినీళ్లుంటే ఇప్పించండి.

వేళ్లు తెగడానికి రెండు రోజుల ముందండీ, బావ షాపులో లేడు. ఎవరింట్లోనో పెద్ద సోఫాకి కొలతలు తీసుకురావడానికి వెళ్లాడు. కుర్తా మార్చుకుని వెళ్లాడు, కత్తి ఏప్రన్ జేబులోనే ఉండిపోయింది. ఏప్రన్ మేకుకి వేలాడుతోంది. నేను ఓ కుర్చీకి స్పంజి అతికిస్తున్నాను. జిగురు డబ్బా మూత ఎండిపోయి బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా రాదు. స్క్రూడ్రైవరు పై అరలో ఉంది. స్టూలు వేసుకుని ఎక్కితే అందుతుంది. నాలుగడుగులండీ. నాలుగడుగులు వెయ్యడానికి బద్ధకించాను. చెయ్యి చాస్తే ఏప్రన్ అందింది.

మూత కింద మొన దూర్చాను. లోపలికి పోలేదు. కొయ్య సుత్తి తీసుకుని వెన్ను మీద కొట్టాను. ఒకటి, రెండు. మూడోదానికి మూత కదిలింది. నాలుగోది ఎందుకు కొట్టానో నాకే తెలియదు, ఊపులో ఉన్నాను. అప్పుడే లోపల ఎక్కడో టిక్కుమంది. మీకు చెప్పేదేముంది, లోపల సన్నటి పట్టీ ఉంటుంది కదా, బ్లేడు తెరవగానే దాని మడమకి అడ్డం పడేది. ఆ చప్పుడు దానిదే. చూస్తే బ్లేడు కాస్త ఊగుతోంది. ఇంత, వెంట్రుకవాసి. మడిచాను, తెరిచాను. మడవడానికి వేలితో పట్టీ నొక్కాలి కదా, నొక్కకుండానే మడతపడింది.

అంటే నాకు తెలుసండీ. అదీ సంగతి. తెలియక జరిగింది కాదు. ఆ క్షణాన ఆ కత్తి పాడైందని నాకు తెలుసు. సాయంత్రం చెప్దామనుకున్నాను. జిగురు తుడిచి, మడిచి, ఏప్రన్ జేబులో పెట్టేశాను.

సాయంత్రం ఆయన హుషారుగా వచ్చాడు, పెద్ద పని దొరికిందని. అప్పుడు చెప్తే ఆ సరదా చెడగొట్టినట్టవుతుందని ఊరుకున్నాను. మర్నాడు పొద్దున్న ఆయన కత్తి నూరుతుంటే పక్కనే నిలబడ్డాను. ఇప్పుడు చూస్తాడు, ఇప్పుడు తిడతాడు అనుకున్నాను. ఆయనకి తెలియలేదు. ఆ చేతికి అలవాటైన కత్తి కదా, చూడాలన్న ఆలోచనే ఉండదు. ఇక చెప్పక్కర్లేదులే అనుకున్నాను. బతికిపోయాను అనుకున్నానండీ, సిగ్గు లేకుండా!

మూడో రోజు మందపాటి తోలు కోస్తున్నాడు. మొన ఇరుక్కుంది. వెనక్కి లాగబోయాడు. నేను ఎదురుగానే ఉన్నాను, మేకులు పెదాల మధ్య పెట్టుకుని. అరుద్దామంటే నోటినిండా మేకులు. అదీ ఒట్టిదే లెండి. మేకులు ఉమ్మేసి అరవచ్చు. మూడు రోజులు నోట్లో మేకుల్లేవు కదా, అప్పుడేం చెప్పాను గనక?

ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. దారి పొడుగునా ఆయన నాకే ధైర్యం చెప్పాడు. "ఏం కాదురా, నువ్వు రోడ్డు మీద చూపు పెట్టు" అన్నాడు. రాత్రి షాపుకొచ్చి కత్తి కడిగాను. కడిగి చూస్తే వెన్ను మీద నాలుగు గాట్లు, సుత్తి అంచు తగిలినవి, కుట్లు వేసినట్టు వరసగా. ఎమరీ కాగితం తీసుకుని రుద్దాను. అదే, మీరు వేలు పెట్టిన చోటే. నున్నగా అయ్యేదాకా రుద్దాను. కొట్టింది బద్ధకంతో అనుకోండి. రుద్దింది దేనితో చేశాననుకోవాలి?

ఇంకా ఉందండీ. వినండి, సగం చెప్పి ఆపలేను ఇప్పుడు. మా దగ్గర ఓ పద్ధతుంది. పని పూర్తయ్యాక కుర్చీ అడుగున, గుడ్డ మూసేముందు, చెక్క మీద పెన్సిలుతో పనివాడి పేరు, తేదీ రాస్తాం. కొన్నవాడు ఎప్పటికీ చూడడు. మళ్లీ ఏ ముప్ఫై ఏళ్లకో గుడ్డ విప్పినవాడు చూస్తాడు. పదహారేళ్లలో నా పేరు ఎప్పుడూ రాయనివ్వలేదు బావ, "ఇంకా టైముంది" అనేవాడు. ఆయన రక్తం పడిన ఆ తోలు కుర్చీ నేనే పూర్తి చేశాను. కట్టుతో వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. కుట్లన్నీ ఎడమచేత్తో తడిమి చూశాడు. పెన్సిలు నా చేతికిచ్చి, "రాయరా, నీ పేరే రాయి" అన్నాడు.

రాశాను. అదీ చేశాను.

ఇంటికెళ్తే మా అక్క పెద్ద ముక్కలన్నీ నా కంచంలోనే వేస్తుంది. "నువ్వు లేకపోతే మా గతేంటిరా" అంటుంది. తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని తింటాను. ముద్ద దిగదు. దిగదంటూనే కంచం ఖాళీ చేస్తాను, చూడండి నా బతుకు!

ఇప్పుడు చెప్పండి, ఈ ఎనిమిదింటికీ వంకలు పెట్టక ఏం చెయ్యను? ఏది పట్టుకున్నా బావ జీవితమంతా నా చేతిలో పెట్టినట్టుంది. లాక్ గట్టిదా అని మిమ్మల్ని అడుగుతున్నాను. దాన్ని మీరెంత గట్టిగా చేసినా సుత్తి పట్టుకునేవాడు నాలాంటివాడైతే ఏం లాభం?

తిట్టండి, పోనీ. అబద్ధం చెప్పననైనా అనండి. ఆ కత్తి అలా నా ముందుకి తోస్తారేంటి. నన్నే చెప్పమంటారా? చెప్తే షాపు పోతుందండీ. మా అక్క ముఖం ఎలా చూడను? చెప్పకపోతే... చెప్పకపోతే ఆయన ఆ బంతి నొక్కడు. అంతే కదూ. మీరన్నా అనకపోయినా, అదే.

అమ్మో. ఎదురుగా రోడ్డు దాటుతున్నది ఆయనే.

నిలబడకండి, కూర్చోండి. ఆ కత్తులన్నీ లోపల పెట్టేయండి. పాతది ఒక్కటే ఉంచండి, ఇక్కడ, కౌంటరు మీద.

రా బావా. తలుపు నేను తీస్తాను ఉండు. కుట్లు విప్పారా? నొప్పిగా ఉందా? సరే, కూర్చో ముందు. లేదు, ఇంకా ఏదీ తీసుకోలేదు. నచ్చక కాదు. పెద్దాయన్ని అడక్కు బావా, ఆయన ఏం చెప్పలేదు. నన్నడుగు.

ఇదిగో, నీ కత్తి పట్టుకో. ఎడమచేత్తోనే పట్టుకో. వెన్ను మీద బొటనవేలు పెట్టి మొన దాకా జరుపు. మధ్యలో నున్నగా తగిలిందా? అక్కడ నాలుగు గాట్లు ఉండేవి. నువ్వు కొలతలకి వెళ్లిన రోజు జిగురు డబ్బా మూత తెరవడానికి సుత్తితో కొట్టాను. లాక్ ఊడిందని తెలిసే నీ జేబులో పెట్టాను. తర్వాత నీకు తెలియకుండా రుద్దేశాను.

నీ చెయ్యి జారలేదు బావా.