గాటు పడిన కార్డు

మూతపడిన గని ఆఫీసులో, తుప్పుపట్టిన కార్డు మెషిన్ల ముందు రిటైరైన ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు.

"నేను పనివాళ్ల వివరాలు కార్డు మీద చిల్లులుగా కొట్టేదాన్ని. నువ్వు అదే మళ్లీ కొట్టి సరిచూసేదానివి. రెండూ కలిస్తేనే అంచున గాటు పడేది. గుర్తుందా అక్కా?"

"మర్చిపోతానా? కలవకపోతే ఎర్రలైటు. కార్డు తిరిగి నీ దగ్గరికే."

"గని కూలిన వారం బావగారి కార్డు రెండుసార్లు తిరిగొచ్చింది."

"నువ్వు మృతి కోడ్ కొట్టి పంపావు. నా వేళ్లేమో డ్యూటీ కోడే కొట్టాయి. ఎంత చెప్పినా మాట వినలేదు."

"మూడోసారి?"

"కళ్లు మూసుకుని కొట్టాను. గాటు పడింది. ఆయన పోయాడని నా చేత్తోనే ఒప్పేసుకున్నాను. ఇన్నేళ్లుగా ఆ చేత్తోనే అన్నం తింటున్నా."

"ఆ నెల డ్యూటీ లిస్టులో బావగారి పేరు అచ్చయింది. సూపర్‌వైజర్ నన్ను దులిపేశాడు. పరాకున పడిందన్నాను."

"నీకా పరాకు! గాటు పడ్డ కార్డులో తప్పెలా వస్తుందే?"

"మూడోసారి నేనే డ్యూటీ కోడ్ కొట్టి పంపానక్కా. నువ్వూ అదే కొట్టావు. అందుకే గాటు పడింది."

పెద్దావిడ మెషిన్ మీటల మీద వేళ్లు ఆనించింది.

"అయితే చివరిదాకా నా వేళ్లు మాట వినలేదన్నమాట."