టెస్లా అని రాసిన చీటీ

హలో… ఆ, మత్తయినేనండి, తెనాలి నుంచే. బాపట్ల కాలేజీలో ల్యాబ్ చూసుకునేవాణ్ణి, రిటైరై మూడేళ్లయింది… మీరెవరండి?

…ఫిజిక్స్ చెప్పే లిఖిత మేడమ్ నాన్నగారా.

…చెప్పండి వెంకట్రామయ్యగారూ. ల్యాబ్‌లో షాక్ కొట్టి అమ్మాయి పోయిందని తెలిసిన రోజే రేపల్లె రావాలనుకున్నానండి. రాలేకపోయా.

…పరికరం ఫొటో వచ్చింది. చూస్తున్నా.

…విచారణ కమిటీ అట్లా రాసిందా? పరికరం ఏదో తెలుసుకోకుండా ముట్టుకుంది అనా?

…లేదండి. ఆమె తప్పు కాదు. చీటీ మీద ఉన్నట్టు అది టెస్లా కాయిల్ కాదు.

…ఎట్లాగంటే, ఫొటోలో పెట్టె మూత తీసుంది కదా. చుట్ట అడ్డంగా పడుకుని ఉందా? నడుమ ఇనప తీగల కట్ట, కొసన చిన్న సుత్తి. అది ఇండక్షన్ కాయిల్, బాగా పాతది. టెస్లాకి లోపల ఇనుము ఉండదు. బోలు గొట్టం, నిలువుగా ఉంటది.

…ఆ, చిన్న టెస్లా అయితే క్లాసులో కడ్డీ పట్టుకుని మెరుపు అందుకుంటారండి. అదీ మంచిది కాదు, కానీ మనిషి బతుకుతాడు. దీని దెబ్బ గుండెకి పోద్ది.

…ఆమెకి తేడా తెలుసండి. మూత వేస్తే పైకి రెండు ఇత్తడి గుండ్లే కనపడతాయి. చీటీ మీద టెస్లా అని ఉంది. నమ్మింది.

…చీటీ ఎవరు రాశారంటే…

 

…నేనే రాశాను. అసలు టెస్లా కాలిపోయింది. తనిఖీవాళ్లు వస్తున్నారు, ఏదో ఒకటి పెట్టమన్నారు ప్రిన్సిపాల్‌గారు. ఆయన లేరిప్పుడు, ఆయన మీదకి నెట్టను. తెలిసే రాశా.

…తనిఖీ అయ్యాక తీసేద్దామనుకున్నానండి. తొమ్మిదేళ్లు అట్లాగే ఉండిపోయింది.

…ఏడవకండి, ఊరుకోండి అనే నోరు నాకు లేదండి.

…చెప్తాను. సోమవారం బాపట్ల వచ్చి, కమిటీ ముందు సంతకం పెట్టి చెప్తాను. కేసు పెడితే పెట్టనీండి.

…ఫోను అమ్మగారికి ఇస్తారా? వద్దండి, ఆవిడకి నేను… వెంకట్రామయ్యగారూ…

…నమస్కారమమ్మా.

…అవునమ్మా. విన్నది నిజమే.

…చూశానమ్మా, మీ అమ్మాయిని. ఒక్కసారే. రిటైరైన రోజు తాళాలు తనకే అప్పజెప్పా.

…ఏమందంటే… వద్దులేమ్మా.

…బీరువాలన్నీ ఒకసారి చూసి, "ఏది ఏదో అన్నిటి మీదా రాసి ఉందా బాబాయ్?" అనడిగిందమ్మా.

…ఉందమ్మా, భయం లేదు అన్నాను.

…అమ్మా?



…పెట్టేశారు.